‘గ్రహణం’లో కర్త ఎవరు? – ఐసోమర్ కేంద్రకాల శక్తివిడుదల చర్చపై ఒక పరిభాషా విమర్శ

వ్యాససంగ్రహం:
దీర్ఘకాలం ఉత్తేజిత స్థితిలో నిలిచి ఉండే కేంద్రకాలను భౌతికశాస్త్రం ‘ఐసోమర్లు’ అని వ్యవహరిస్తుంది. పరమాణువులోని ఎలక్ట్రాన్ల సాయంతో ఆ కేంద్రకాల శక్తిని కోరుకున్న వేళ బయటికి రప్పించవచ్చునా అన్నది అర్ధశతాబ్దంగా నడుస్తున్న ప్రశ్న. హాఫ్నియం-178, మాలిబ్డినం-93 కేంద్రకాలపై వెలువడిన ప్రకటనలు, వాటిపై వచ్చిన ఖండనలు ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్నవే. ఈ చర్చలో ‘ఐసోమర్’, ‘క్యాప్చర్’, ‘ట్రిగ్గర్’ అనే మూడు పదాలు నిర్వహించిన పాత్రను, అవి తెలుగులోకి వచ్చేటప్పుడు ఏర్పడే అర్థసంకరాన్ని శబ్దశక్తి విచారణ, కారక వివేచన, ప్రమాణ చర్చల సాయంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఐసోమర్, ఎలక్ట్రాన్ గ్రహణం, అంతర్గత పరివర్తన, లక్షణ, కారకం, పరిశేషానుమానం, శాస్త్రపరిభాష.

1. ఉపోద్ఘాతం

శాస్త్రపరిభాషపై తెలుగులో జరిగిన చర్చ చాలావరకు ‘సంస్కృతమా, అచ్చతెలుగా, ఆంగ్లపదమా’ అన్న ప్రశ్న దగ్గరే ఆగింది. పదం ఏ భాష నుంచి వచ్చిందన్న విచారణకు దక్కిన చోటు, ఆ పదం వాక్యంలో ఏ పని చేస్తోంది, ఏ కారకాన్ని మరుగుపరుస్తోంది అన్న విచారణకు దక్కలేదు. కావ్యభాషను పరిశీలించడానికి మన ఆలంకారికులు, వైయాకరణులు, నైయాయికులు సిద్ధం చేసిన సాధనాలు శాస్త్రభాషకు పనికిరావని ఎవరూ అనలేదు. వాటిని ఆ దిక్కుకు తిప్పి చూసిన సందర్భాలు మాత్రం తక్కువ.

అందుకు తగిన ఉదాహరణగా కేంద్రక భౌతికశాస్త్రంలోని ఒక వివాదాన్ని తీసుకుంటున్నాను. ఇది పదాల వివాదంగా మొదలైనది కాదు. ఒక ప్రయోగఫలితం సిద్ధాంతం చెప్పిన విలువ కన్నా వంద కోట్ల రెట్లు పెద్దదిగా రావడం, ఒక దేశపు రక్షణశాఖ ఆధారం చాలని ప్రకటనపై డబ్బు ఖర్చు చేయడం వంటివి ఇందులో ఉన్నాయి. అయితే ఈ రెండింటినీ తెలుగు విద్యార్థికి చెప్పబోయినప్పుడు ముందుగా అడ్డుపడేవి పదాలే. ‘ఎలక్ట్రాన్ గ్రహణం’ అని రాస్తే విద్యార్థి తాను అంతకుముందే చదువుకున్న వేరొక ప్రక్రియను అర్థం చేసుకుంటాడు. ‘ట్రిగ్గర్’ అని రాస్తే బాంబు కనిపిస్తుంది. ‘సాదృశ్యకం’ అని రాస్తే రసాయనశాస్త్రం కనిపిస్తుంది. మూడూ తప్పుదారులే.

2. ఐసోమర్: సాదృశ్యమా, స్థితిభేదమా?

‘ఐసోమర్’ మొదట రసాయనశాస్త్రపు మాట. సమానమైన భాగాలు కలది అని గ్రీకు వ్యుత్పత్తి. ఒకే రకం పరమాణువులు అదే సంఖ్యలో ఉన్నా అమరిక వేరైన పదార్థాలకు 1830లో బెర్జీలియస్ ఈ పేరు పెట్టాడు. తెలుగు మాధ్యమ రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఆ ధర్మాన్ని ‘సాదృశ్యం’ అన్నాయి. రసాయనశాస్త్రం వరకు ఆ అనువాదం చెల్లుతుంది. అక్కడ రెండు పదార్థాలు వేరువేరుగా సీసాల్లో ఉంటాయి. వాటి మధ్య పోలిక ఉంటుంది.

కేంద్రకాల విషయంలో పరిస్థితి వేరు. ఇలాంటి కేంద్రకాలు ఉండవచ్చునని 1917లో ఫ్రెడరిక్ సాడీ ఊహించాడు. 1921లో ఆటో హాన్ యురేనియం క్షయశ్రేణిలో, నేడు ప్రొటాక్టీనియం-234గా పిలిచే కేంద్రకంలో, దానిని చూపించాడు. ప్రోటాన్ల సంఖ్య అదే, న్యూట్రాన్ల సంఖ్య అదే. అర్ధాయువు మాత్రం రెండు రకాలు. 1936లో వైట్‌సేకర్ దీనికి కారణం చెప్పాడు. ఉత్తేజిత స్థితికీ దాని కిందనున్న స్థితికీ మధ్య కోణీయ ద్రవ్యవేగంలో పెద్ద తేడా ఉంటే, ఒక గామా కిరణం అంత తేడాను మోసుకుపోవడం కష్టం. అందుచేత కేంద్రకం శక్తిని పట్టుకొని అక్కడే నిలిచిపోతుంది. సాధారణ ఉత్తేజిత కేంద్రకం క్షణంలో వందకోట్ల వంతు కూడా నిలవదు. ఇవి గంటలు, ఏళ్లు నిలుస్తాయి.

ఇక్కడ ఉన్నది ఒకే వస్తువు. రెండు వస్తువుల పోలిక కాదు. ఆలంకారిక సంప్రదాయంలో సాదృశ్యానికి భేదం తప్పనిసరి. ముఖమూ చంద్రుడూ వేరైతేనే ఉపమ. వస్తువును దానితోనే పోల్చితే అది అనన్వయాలంకారం అవుతుంది. అలంకారశాస్త్రం నుంచే పేరు తెచ్చుకోవాలన్న పట్టుదల ఉంటే కేంద్రక ఐసోమర్‌కు ‘అనన్వయం’ అన్న పేరే దగ్గరగా ఉంటుంది! పరిహాసం అలా ఉంచితే, ‘సాదృశ్యకం’ అన్న మాటను ఇక్కడికి తీసుకురావడం సరికాదని నా అభిప్రాయం. పేరుగా ‘ఐసోమర్’ను ఉంచి, తొలి ప్రస్తావనలో ‘చిరోత్తేజిత కేంద్రకం’ అని వివరించడం మేలు. దీర్ఘకాలం నిలవడం, ఉత్తేజితమై ఉండడం అనే రెండు లక్షణాలూ ఆ సమాసంలో కనిపిస్తాయి.

మరొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ‘భూస్థితి’ అన్న పదం నేల మీద నిలకడగా ఉండే స్థితిని స్ఫురింపజేస్తుంది. ప్రకృతిలో దొరికే టాంటలం లోహంలో సుమారు 0.012 శాతం టాంటలం-180 ఉంటుంది. అదంతా ఉత్తేజిత స్థితిలోనే ఉంటుంది. దాని భూస్థితి ఎనిమిది గంటల అర్ధాయువుతో నశించిపోతుండగా, ఉత్తేజిత స్థితి క్షయం కావడాన్ని ఇంతవరకు ఎవరూ గమనించలేకపోయారు. నేల కదులుతోంది, మేడ కదలడం లేదు.

3. ‘గ్రహణం’ – లోపించిన కర్త

ఈ వ్యాసానికి కీలకమైన పదం ఇదే.

తెలుగులో భౌతికశాస్త్రం చదివిన వారికి ‘ఎలక్ట్రాన్ గ్రహణం’ అనగానే గుర్తొచ్చేది 1937లో ఆల్వారెజ్ ప్రయోగపూర్వకంగా చూపిన ప్రక్రియ. కేంద్రకం తన దగ్గరలోని ఎలక్ట్రాన్‌ను, సాధారణంగా కె కర్పరంలోని దానిని, లోనికి లాక్కుంటుంది. ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారుతుంది. మూలకమే మారిపోతుంది. బెరీలియం-7 లిథియం-7 కావడం ఈ విధంగానే.

1976లో గోల్డాన్‌స్కీ, నమియోట్ ప్రతిపాదించినది పూర్తిగా వేరు. ఎలక్ట్రాన్లు కోల్పోయిన అయాను దగ్గరికి ఒక స్వేచ్ఛా ఎలక్ట్రాన్ వస్తుంది. అయానులోని ఖాళీ కర్పరంలో అది స్థిరపడుతుంది. అలా స్థిరపడేటప్పుడు దాని గతిశక్తి, బంధనశక్తి రెండూ కలిసి మిగులు అవుతాయి. మామూలుగా ఆ మిగులు ఎక్స్-కిరణంగా బయటికి పోతుంది. ఆ మొత్తం కేంద్రకంలోని రెండు స్థితుల మధ్య శక్తిభేదానికి సరిగ్గా సరిపోతే, బయటికి పోవలసినది కేంద్రకానికి చేరి దానిని పైస్థితికి ఎక్కించవచ్చు. ఎలక్ట్రాన్ కేంద్రకంలోకి వెళ్లదు. మూలకం మారదు. కేంద్రకానికి అందేది శక్తి ఒక్కటే.

రెండింటికీ ఆంగ్లంలో ‘క్యాప్చర్’ అన్న మాటే. తెలుగులో రెండూ ‘ఎలక్ట్రాన్ గ్రహణం’ అయితే సమాసాన్ని విడదీసి చూడక తప్పదు. ‘ఎలక్ట్రాన్ యొక్క గ్రహణం’ – ఇక్కడ షష్ఠి కర్మార్థంలో వచ్చింది. అంటే ఎలక్ట్రాన్‌ను గ్రహించడం. గ్రహించినది ఎవరు? సమాసం చెప్పదు. కృదంతంగా మారిన క్రియ కర్తను మింగేసింది. మొదటి ప్రక్రియలో కర్త కేంద్రకం. రెండో ప్రక్రియలో కర్త అయాను కర్పరం. కేంద్రకం కేవలం ఫలభోక్త. విద్యార్థి చేసే పొరపాటంతా ఈ లోపించిన కర్త స్థానంలో పాత కర్తను నిలబెట్టుకోవడంలోనే ఉంది. తప్పు విద్యార్థిది కాదు. సమాసం ఖాళీగా వదిలిన చోటును అతడు తనకు తెలిసిన దానితో పూరించుకున్నాడు, అంతే.

కాబట్టి మొదటిదానిని ‘కేంద్రకగ్రహణం’ అనీ, రెండోదానిని ‘కర్పరగ్రహణం’ అనీ కర్తృవాచకంతో వేరుచేయాలి. అప్పుడు గోల్డాన్‌స్కీ–నమియోట్ ప్రక్రియ ‘కర్పరగ్రహణ కేంద్రకోత్తేజనం’ అవుతుంది. పలకడానికి పొడవైన మాటే. అయినా పొడవు అపార్థం కన్నా చౌక.

‘గ్రహణం’ అన్న పదాన్నే వదిలేద్దామా అంటే, నేను వద్దంటాను. తెలుగువారి నోట ఆ మాటకు ఒక తోడు ఉంది. గ్రహణానికి పట్టు ఉంటుంది, విడుపు ఉంటుంది. భౌతికశాస్త్రంలోనూ అంతే. ఉత్తేజిత కేంద్రకం గామా కిరణాన్ని వెలువరించడానికి బదులు తన శక్తిని నేరుగా కర్పరంలోని ఎలక్ట్రాన్‌కు అందించి దానిని వెళ్లగొట్టడాన్ని ‘అంతర్గత పరివర్తన’ అంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసిన స్వామి జ్ఞానానంద బీటా వర్ణపటాలపై పనిచేసినవారు. ఆ వర్ణపటాల్లో ఈ పరివర్తన ఎలక్ట్రాన్లు విడివిడి గీతలుగా కనిపిస్తాయి. అది విడుపు: కేంద్రకం శక్తిని వదిలింది, ఎలక్ట్రాన్ పరమాణువును వదిలింది. కర్పరగ్రహణ కేంద్రకోత్తేజనం సరిగ్గా దానికి తిరుగుదారి. అది పట్టు: కర్పరం ఎలక్ట్రాన్‌ను పట్టింది, కేంద్రకం శక్తిని పట్టింది. విడుపు దశాబ్దాలుగా ప్రయోగశాలల్లో నిత్యం కనిపిస్తుండగా, పట్టు ఒక్కసారైనా నిశ్చయంగా కనిపించిందా అన్నదే వివాదం.

ఇదే కుటుంబంలో మరో ప్రక్రియ ఉంది. స్వేచ్ఛా ఎలక్ట్రాన్‌తో పనిలేకుండా, పరమాణువులోనే ఒక ఎలక్ట్రాన్ పైకర్పరం నుంచి లోకర్పరంలోని ఖాళీలోకి దిగేటప్పుడు ఆ శక్తి కేంద్రకానికి చేరడం. దీనిని 1973లో మొరిటా ప్రతిపాదించాడు. 2000లో జపాన్‌లోని స్ప్రింగ్-8 కేంద్రంలో కిషిమోటో బృందం బంగారం-197లో దీనిని నమోదు చేసింది. బంగారంలో ఎలక్ట్రాన్ దిగడం వల్ల వెలువడే శక్తి 77.300 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, కేంద్రకానికి కావలసినది 77.351. ఇంత దగ్గరగా ఉన్నా ఆ బదిలీ జరిగే సంభావ్యత సుమారు రెండు కోట్లలో ఒకటి మాత్రమే. ఈ సంఖ్యను గుర్తుంచుకోవాలని పాఠకుల్ని కోరుతున్నాను. తర్వాతి చర్చకు ఇది కొలబద్ద.

4. ‘ట్రిగ్గర్’: ముఖ్యార్థబాధ తెలియని లక్షణ

హాఫ్నియం-178కు ఒక ఐసోమర్ ఉంది. అర్ధాయువు 31 ఏళ్లు. దాచుకున్న శక్తి కేంద్రకానికి 2.446 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక గ్రాము శుద్ధమైన ఐసోమర్‌లో ఉండే శక్తిని లెక్కిస్తే సుమారు 130 కోట్ల జౌళ్లు, అంటే మూడువందల కిలోలకు పైబడిన టీఎన్‌టీ పేలుడు పదార్థానికి సమానం. ఈ లెక్కలో తప్పు లేదు. చిక్కంతా, ఆ శక్తిని ఒక్కసారిగా బయటికి తేవడం ఎలా అన్న ప్రశ్నలో ఉంది.

డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ కాలిన్స్ బృందం 1999లో ‘ఫిజికల్ రివ్యూ లెటర్స్’లో ఒక పత్రం ప్రచురించింది. దంతవైద్యులు వాడే తరహా ఎక్స్-రే పరికరంతో హాఫ్నియం ఐసోమర్‌పై కిరణాలు పంపగా, గామా ఉద్గారం కొన్ని శాతం పెరిగిందని అందులోని ప్రకటన. లోపలి ఎలక్ట్రాన్ల ద్వారా శక్తి కేంద్రకానికి చేరి ఉండవచ్చన్న వివరణ కూడా ఈ చర్చలో వచ్చింది. 2001లో ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో, అంతకన్నా ఎన్నో రెట్లు తీవ్రమైన ఎక్స్-కిరణాలతో మరో బృందం ప్రయత్నించింది. ఏ పెరుగుదలా కనిపించలేదు. అయినప్పటికీ అమెరికా రక్షణశాఖ పరిశోధనా సంస్థ డార్పా ఈ దిశలో ఒక కార్యక్రమాన్ని నడిపింది. ‘హాఫ్నియం బాంబు’ అన్న పేరు పత్రికలకెక్కింది. ఈ ఉదంతమంతటినీ షారన్ వైన్‌బర్గర్ 2006లో ‘ఇమాజినరీ వెపన్స్’ అన్న పుస్తకంగా రాసింది.

ఇందులో పదం చేసిన పని ఏమిటి? ‘ట్రిగ్గర్’కు ముఖ్యార్థం తుపాకి మీట. భౌతికశాస్త్రజ్ఞుడు దానిని లక్ష్యార్థంలో వాడుతున్నాడు. మమ్మటుడు లక్షణకు మూడు నియమాలు చెప్పాడు: ముఖ్యార్థానికి బాధ కలగాలి, లక్ష్యార్థానికి ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి, రూఢి గాని ప్రయోజనం గాని ఉండాలి. ‘గంగలో పల్లె’ అన్నప్పుడు ప్రవాహంలో పల్లె ఉండదని వినేవాడికి తెలుసు. ఆ బాధ తెలిసినందువల్లనే అతడు ఒడ్డుకు చేరుకుంటాడు. తెలియకపోతే నీళ్లలోనే వెతుకుతాడు.

కేంద్రకానికి మీట లేదని భౌతికశాస్త్రజ్ఞుడికి తెలుసు. అతడి మనసులో ముఖ్యార్థబాధ జరిగిపోయింది. ఆ పదం నిధులు మంజూరు చేసే అధికారి దగ్గరికి, విలేకరి దగ్గరికి వెళ్లినప్పుడు బాధ జరగలేదు. పైగా పక్కనే ‘బాంబు’ అన్న మాట చేరడంతో ముఖ్యార్థం మరింత బలపడింది. లక్షణగా బయలుదేరిన పదం దారిలో అభిధగా మారిపోయింది.

తుపాకి మీటకున్న ధర్మాలను విడదీసి చూస్తే తేడా స్పష్టమవుతుంది. స్వల్పప్రయత్నంతో పెద్ద ఫలితం రావడం ఒకటి. నొక్కినప్పుడల్లా తప్పక పేలడం రెండోది. ఒక్క నొక్కుతో మొత్తం మందు అంటుకోవడం మూడోది. ఐసోమర్ విషయంలో మొదటిది మాత్రమే, అదీ ఒక్కొక్క కేంద్రకం లెక్కన మాత్రమే, నిజం. రెండోది నిజం కాదు. బంగారం విషయంలో చూసిన రెండు కోట్లలో ఒకటి అన్న సంఖ్యే అందుకు సాక్ష్యం. మూడోది అసలే లేదు. యురేనియం విచ్ఛిత్తిలో ఒక న్యూట్రాన్ మరికొన్ని న్యూట్రాన్లను పుట్టిస్తుంది, అవి పక్క కేంద్రకాలను విచ్ఛిన్నం చేస్తాయి. ఐసోమర్ విడిచిన గామా కిరణం పక్క ఐసోమర్‌ను అలా విడిపించదు. చెరువు తూము ఎత్తితే నీరంతా వస్తుంది. ఇక్కడ ఒక్కో చుక్కకు ఒక్కో తూము ఉంది, ప్రతి తూమునూ విడిగా ఎత్తాలి. ఐసోమర్‌ను 1921లో కనిపెట్టిన ఆటో హానే 1938లో స్ట్రాస్‌మన్‌తో కలిసి విచ్ఛిత్తిని కనిపెట్టడం యాదృచ్ఛికమే అయినా, రెండింటినీ ఒకే బాంబు భాషలో చెప్పడానికి మాత్రం అది కారణం కాలేదు.

తెలుగులో ఈ ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ. పాఠ్యపుస్తకంలో ‘అణువు’ వేరు, ‘పరమాణువు’ వేరు. కేంద్రకం ఆ పరమాణువులో ఉంటుంది. పత్రికల్లో మాత్రం కేంద్రకానికి సంబంధించిన ప్రతిదీ ‘అణు’ అవుతుంది: అణుబాంబు, అణువిద్యుత్తు, అణుపరీక్ష. ‘అణు’ అన్న ఉపసర్గప్రాయమైన పదానికి ఇప్పటికే బాంబు వాసన అంటుకొని ఉంది. దానికి ‘ట్రిగ్గర్’ను జోడించి ‘అణు ఐసోమర్ ట్రిగ్గర్’ అని రాస్తే వ్యంజన కూడా పనిచేయడం మొదలుపెడుతుంది. ‘ప్రేరిత విడుదల’ అన్నది నీరసంగా ఉన్నా నిజానికి దగ్గరగా ఉంటుంది. ప్రేరణలో అనివార్యత లేదు, ప్రేరేపించినా జరగకపోవచ్చు.

5. మాలిబ్డినం: ప్రత్యక్షం ఎంత, అనుమానం ఎంత?

మాలిబ్డినం-93 ఐసోమర్ కథ మరింత గౌరవనీయమైనది, అందువల్లనే మరింత క్లిష్టమైనది. దాని శక్తి 2425 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, అర్ధాయువు 6.85 గంటలు, స్పిన్ 21/2. కిందనున్న స్థితి స్పిన్ 13/2. మధ్య తేడా నాలుగు ప్రమాణాలు. ఐసోమర్‌కు కేవలం 4.85 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఇంకో స్థితి ఉంది, దాని స్పిన్ 17/2. ఐసోమర్‌ను ఆ పైమెట్టుకు ఎక్కించగలిగితే నాలుగు ప్రమాణాల దూకుడు రెండు, రెండుగా విడిపోతుంది. పైమెట్టు అర్ధాయువు 3.5 నానోసెకన్లు. 6.85 గంటలతో పోలిస్తే సుమారు ఏడు లక్షల కోట్ల రెట్లు వేగం. పెట్టినది 4.85, వచ్చేది 2430: ఐదువందల రెట్లు. దించడానికి ముందు కొంచెం ఎక్కించాలన్న ఈ ఏర్పాటుకు ‘ట్రిగ్గర్’ ఏమాత్రం నప్పదు.

2018లో ‘నేచర్’ పత్రికలో కియారా, తదితరులు తమ ఫలితాన్ని ప్రచురించారు. ఆర్గాన్‌లో జిర్కోనియం-90 పుంజాన్ని లిథియం లక్ష్యంపై ప్రయోగించి ఐసోమర్‌ను పుట్టించారు. వేగంగా దూసుకువెళ్లే ఆ అయాన్లు ఘనపదార్థంలో మందగించేటప్పుడు ఎలక్ట్రాన్లను పట్టుకుంటాయి. పైమెట్టు నుంచి దిగితే 268 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా వస్తుంది. ఐసోమర్ సహజంగా దిగితే 263 వస్తుంది. ఆ 268 గీతను, ఐసోమర్‌కు ముందు వెలువడే గామాలతో జత కలిపి చూశామని, నూటికి సుమారు ఒక ఐసోమర్ ఇలా ఖాళీ అయిందని వారి ప్రకటన.

ఆ పత్రం శీర్షికను తెలుగు చేస్తే ‘ఎలక్ట్రాన్ గ్రహణం వల్ల కలిగే కేంద్రకోత్తేజనానికి ప్రయోగపూర్వక సాక్ష్యంగా ఐసోమర్ క్షీణత’ అవుతుంది. ఈ శీర్షికలో రెండు వేర్వేరు ప్రతిజ్ఞలు ఉన్నాయి. ఐసోమర్ క్షీణించింది అన్నది మొదటిది. దానికి కారణం కర్పరగ్రహణం అన్నది రెండోది. మొదటిది గామా గణన మీద ఆధారపడుతుంది కనుక ప్రత్యక్షానికి దగ్గర. రెండోది అనుమానం. అదీ కర్పరగ్రహణాన్ని నేరుగా పట్టిచ్చే గుర్తును చూసి చేసిన అనుమానం కాదు. ఇతర కారణాలు ఇంత ఫలితాన్ని ఇవ్వలేవు కాబట్టి మిగిలినది ఇదే అన్న పరిశేషానుమానం. పరిశేషానుమానం చెల్లాలంటే రెండు షరతులు. కారణాల పట్టిక సంపూర్ణంగా ఉండాలి. మిగిలిన కారణం నిజంగా ఆ పని చేయగల శక్తి కలిగి ఉండాలి.

దెబ్బ పడింది రెండో షరతు మీదే. 2019లో వూ, కైటెల్, పాల్ఫీ సిద్ధాంతరీత్యా లెక్కించి చూపిన సంభావ్యత ప్రకటించిన విలువ కన్నా తొమ్మిది దశాంశ స్థానాలు, అంటే వంద కోట్ల రెట్లు, తక్కువ. లెక్కల్లో రెండింతలో పదింతలో తేడా వస్తే సర్దుకోవచ్చు. వంద కోట్ల రెట్లను ఏ సవరణతో సర్దాలి? ఆ తర్వాత, పదార్థంలోని బంధిత ఎలక్ట్రాన్లను కూడా లెక్కలోకి తీసుకుని జెద్‌కేవిచ్ తదితరులు సంభావ్యతను కొంత పెంచారు. అయినా అగాధం పూడలేదు.

మొదటి షరతు మీదా ఆక్షేపణ వచ్చింది. చైనాలోని లాన్‌జౌ ఆధునిక భౌతికశాస్త్ర సంస్థకు చెందిన గువో బృందం 2021లో ‘నేచర్’లోనే తమ అభ్యంతరం ప్రకటించింది. ఐసోమర్ పుట్టిన చోటనే గామాలను లెక్కించడం వల్ల ఇతర చర్యల నుంచి వచ్చిన కిరణాలు ఆ గణనలో కలిసి ఉండవచ్చని, అందుచేత క్షీణత ఎక్కువగా అంచనా వేయబడి ఉండవచ్చని వారి వాదం. మన తర్కశాస్త్ర పాఠంలోని పర్వతం ఇక్కడ గుర్తుకు రాక మానదు. పొగను బట్టి నిప్పును అనుమానించవచ్చు. కానీ కొండ మీద కనిపించినది పొగమంచు అయితే హేతువే అసిద్ధం. కియారా బృందం దానికి సమాధానమూ ఇచ్చింది.

2022లో లాన్‌జౌ బృందం వాదం దగ్గర ఆగకుండా ప్రయోగమే చేసింది. ఐసోమర్లను ఒకచోట పుట్టించి, వాటిని పుంజంగా వేరుచేసి, దూరంగా తీసుకువెళ్లి, అక్కడ పదార్థంలో ఆపి చూశారు. పుట్టిన చోటి గందరగోళం ఆపిన చోట లేదు. క్షీణత కనిపించలేదు. సంభావ్యతకు వారు నిర్ణయించిన గరిష్ఠ పరిమితి లక్షకు రెండు. నూటికి ఒకటి ఎక్కడ, లక్షకు రెండు ఎక్కడ!

ఈ ఫలితాన్ని ‘2018 ప్రయోగం తప్పని తేలింది’ అని రాయడం తొందరపాటే అవుతుంది. రెండు ప్రయోగాల్లో అయాన్ల వేగం, ఆపిన పద్ధతి ఒకటి కావు. ‘కర్పరగ్రహణ కేంద్రకోత్తేజనం లేదని తేలింది’ అని రాస్తే అది మరింత పెద్ద తప్పు. సిద్ధాంతం ఆ ప్రక్రియను నిరాకరించడం లేదు, చాలా అరుదు అంటోంది. కానీ ‘2018లో కనుగొన్నారు’ అని విజ్ఞాన వ్యాసాల్లో నిర్ధారణగా రాయడానికి ఇక వీలులేదు. తెలుగులో ఈ తేడాలను చూపగల క్రియలు మనకు కొరవడలేదు. ‘కనుగొన్నారు’, ‘చూశామన్నారు’, ‘ఊహించారు’, ‘లెక్కగట్టారు’ – నాలుగూ నాలుగు ప్రమాణాలను సూచిస్తాయి. అనువాదంలో అన్నింటినీ ‘కనుగొన్నారు’లోకి కుదించడం మన విజ్ఞానరచనకు పట్టిన పాత జబ్బు. ‘శాస్త్రవేత్తలు కనుగొన్నారు’ అన్న వాక్యంలో ఎవరు, ఎక్కడ, ఏ కొలతతో అన్న మూడూ మాయమవుతాయి. గ్రహణంలో కర్త లోపించినట్లే ఇక్కడ ప్రమాణం లోపిస్తుంది.

6. థోరియం: ఎలక్ట్రాన్లు ఆయువును నిర్ణయించే చోటు

ఎలక్ట్రాన్లకు కేంద్రకంతో పనే లేదన్న అభిప్రాయానికి ఈ వివాదం ఊతమివ్వకూడదు. రీనియం-187 పరమాణువు మామూలుగా 4,200 కోట్ల ఏళ్ల అర్ధాయువు కలది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1996లో దాని ఎలక్ట్రాన్లన్నింటినీ తొలగించి చూడగా అది 33 ఏళ్లకు పడిపోయింది.

ఐసోమర్లలో దీనికి సాటి థోరియం-229. దాని ఉత్తేజనశక్తి 8.4 ఎలక్ట్రాన్ వోల్టుల లోపే. హాఫ్నియంతో పోలిస్తే దాదాపు మూడు లక్షల రెట్లు చిన్నది. బాంబు ఊహకు ఇందులో చోటే లేదు. తటస్థ పరమాణువులో ఈ ఐసోమర్ అంతర్గత పరివర్తన ద్వారా కొన్ని మైక్రోసెకన్లలోనే దిగిపోతుంది. మూడు ఎలక్ట్రాన్లు తీసివేసిన అయానులో విడుపుకు దారి మూసుకుపోయి, అది వెయ్యి సెకన్లకు పైగా నిలుస్తుంది. కేంద్రకం అదే, శక్తి అదే. చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల సంఖ్య వేరు. 2024లో దీనిని స్ఫటికంలో ఉంచి సుమారు 148 నానోమీటర్ల లేజరు కాంతితో పైస్థితికి ఎక్కించగలిగారు. అక్కడి లక్ష్యం శక్తివిడుదల కాదు, కేంద్రక గడియారం.

మన పాఠ్యపుస్తకాల్లో రేడియోధార్మిక క్షయం ఉష్ణోగ్రత, పీడనం, రసాయన సంయోగం వంటి బాహ్య పరిస్థితులపై ఆధారపడదన్న వాక్యం తరతరాలుగా వస్తోంది. యురేనియంకు, రేడియంకు అది చెల్లుతుంది. థోరియం ఐసోమర్‌కు రసాయన సంయోగం విషయంలోనే చెల్లదు. అది తటస్థంగా ఉందా, స్ఫటికంలో అయానుగా ఉందా అన్నదానిని బట్టి ఆయువు కోట్ల రెట్లు మారుతోంది. ఆ వాక్యంలో ‘క్షయం’ ముందు ‘కేంద్రకం ఆల్ఫా, బీటా కణాలను వెలువరించే’ అన్న విశేషణం చేర్చినా చాలదు, రీనియం బీటా క్షయమే కనుక. ‘ఎలక్ట్రాన్లు యథాస్థానంలో ఉన్న పరమాణువుల్లో, చాలావరకు’ అని రాయవలసి ఉంటుంది. ‘చాలావరకు’ అన్న మాట పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్నకు ఇమడదని పాఠ్యపుస్తక రచయితలు అభ్యంతరం చెప్పవచ్చు. అప్పుడు మార్చవలసినది ప్రశ్నను.